దేశవాళీ పత్తి గింజ ఎవరి చేతిలో వుండాలి?

కోటప్పకొండ మీద కాకి వాలదని మన వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. కొండ సంగతి ఏమోగాని, కొండ కింద నల్లరేగడి చేల మీద మాత్రం వాలని గద్ద లేదు. తొలకరి పడకముందే విత్తన కంపెనీ ఏజెంటు వాలతాడు. అతని వెనకాలే పురుగుమందుల డీలరు వాలతాడు. పంట ఇంటికి చేరకముందే అప్పిచ్చిన షావుకారు వాలతాడు. ఈ ముగ్గురూ వాలటానికి దొరికిన కొమ్మ ఒక్కటే: రైతు చేతిలో సొంత గింజ లేకపోవటం.

ఆ సొంత గింజను గురించే ఈ వారం చెప్పదలిచాము. మన మెట్టచేలల్లో ఒకప్పుడు పండి, ఇప్పుడు దాదాపు కానరాకుండా పోయిన దేశవాళీ పత్తి రకాలను వెదికి పట్టుకోవాలి. వాటి గుణాలేమిటో శాస్త్రీయంగా తేల్చాలి. వాటిని మళ్ళీ నూలుగా, గుడ్డగా మార్చుకునే దారి చూడాలి. "పూట గడవక చస్తుంటే పాత గింజల గోల ఏమిటయ్యా" అనేవాళ్ళు వుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే జవాబు కూడా పాత రోజుల గొప్పల్లోంచి కాకుండా, కూలీల, కౌలురైతుల లెక్కల్లోంచే చెప్పాలి.

ఏకులు వడికిన సీమ

పల్నాటికి పత్తి నిన్నమొన్న వచ్చిన పంట కాదు. శ్రీనాథుడి పేర జనం నోళ్ళలో నిలిచిన చాటువుల్లో ఒకటి పల్నాటి జొన్నకూడునూ, ఇంటింటా ఏకులు వడకటాన్నీ కలిపి వెక్కిరిస్తుంది. రాజుల కొలువుల్లో సన్నబియ్యం తిన్న కవిగారికి అది ఎగతాళి కావచ్చు. మనకు మాత్రం అది సాక్ష్యం. వందల ఏళ్ళ కిందటే ఈ సీమ ఆడవాళ్ళు పత్తిని నూలుగా మార్చిన శ్రామికులని ఒక పరాయి కవి రాసిచ్చిన సాక్ష్యం.

ఆనాడు చేలో తీసిన పత్తి వూళ్ళోనే గింజ వొలిచేవారు. దూదేకులవాళ్ళు దూది ఏకేవారు. ఆడవాళ్ళు వడికేవారు. సాలెలు నేసేవారు, మాలపల్లెల్లోనూ మగ్గాలు ఆడేవి. గింజలో కొంత గొడ్లకు దాణా అయ్యేది, కొంత మళ్ళీ కారుకు విత్తనమయ్యేది. పత్తికట్టె పొయ్యిలోకి పోయేది. ఆ వ్యవస్థలో కులం బరువు లేదని మేము అనటం లేదు, అది బోలెడంత వుంది. అయితే ఒక చెట్టు చుట్టూ ఇన్ని చేతులకు పని అల్లుకుని వున్నదన్నది కూడా నిజమే. గింజ పోతే చెట్టు ఒక్కటే పోలేదు, ఆ పనులన్నీ వరసగా పోయాయి.

గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పండి కాకినాడ రేవునుంచి ఓడలెక్కిన పత్తికి వర్తకులు 'కోకనాడ పత్తి' అని పేరు పెట్టారు. దాని దూది పాలలాగా తెల్లగా వుండదు, ఎర్రమన్ను కలిసినట్టు గోధుమ ఛాయలో వుంటుంది. రంగు ముంచకుండానే రంగున్న గుడ్డ అన్నమాట! దానిలోంచి వేరుచేసిన కోకనాడ-1, కోకనాడ-2 అనే రకాలు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సాగులో వుండేవి, విదేశాలకూ పోయేవి. ఇవాళ ఆ పత్తి పేరు చెబితే మన కుర్రకారులో ఎందరికి తెలుసు?

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. ప్రపంచంలో సాగయ్యే పత్తి జాతులు నాలుగు. గాసిపియం ఆర్బోరియం, గాసిపియం హెర్బేసియం అనే రెండూ పాత ప్రపంచానివి, వాటినే మనం దేశవాళీ అంటున్నాము. హిర్సూటం, బార్బడెన్స్ అనే మిగతా రెండూ అమెరికా ఖండాలవి. దేశవాళీ పత్తిలో 26 క్రోమోజోములు వుంటాయి, అమెరికా జాతుల్లో 52 వుంటాయి. ఈ రెండంకెలు గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

గింజ ఎలా చేజారింది?

మన పత్తి దానంతటది పోలేదు. దాన్ని తోసేశారు. ఇంగ్లండు మిల్లుల యంత్రాలు అమెరికా పొడుగు పింజకు అలవాటుపడ్డాయి. మన పొట్టి పింజ వాటికి నచ్చలేదు. 1840లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు అమెరికాలో బానిసలచేత పత్తి పండించే దక్షిణ రాష్ట్రాలనుంచి తోటల పెత్తందార్లను జీతాలిచ్చి ఇక్కడికి రప్పించారు. వేల ఏళ్ళుగా పత్తి పండిస్తున్న రైతుకు పత్తి పండించటం నేర్పటానికట! మన వానకు, మన ఎండకు వాళ్ళ విత్తనం చాలాచోట్ల తట్టుకోలేకపోయింది. అయినా దొరల పట్టుదల తగ్గలేదు.

1947 నాటికి కూడా దేశంలో పత్తి పండే భూమిలో నూటికి 97 పాళ్ళు దేశవాళీయేనని లెక్కలు చెబుతాయి. దేశ విభజనతో అమెరికా పత్తి పండే పంజాబు, సింధు కాలవల కింది భూములు అటు పోయాయి. బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు ఇటు మిగిలాయి. ఆ మిల్లు యజమానుల ఆకలి తీర్చటానికి మన ప్రభుత్వాలు పొడుగు పింజ వెంట పడ్డాయి. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంనుంచి తొలి వ్యాపార సంకర పత్తి వచ్చింది. 1972లో కర్ణాటకలోని ధార్వాడ నుంచి 'వరలక్ష్మి' వచ్చింది. మన పెద్దవాళ్ళకు ఈ పేరు ఇంకా గుర్తే. 1967లో సాగరు కుడికాలవకు నీళ్ళు వదిలారు. నీళ్ళ వెంట ఎరువు, ఎరువు వెంట బ్యాంకు అప్పు వచ్చాయి.

దిగుబడి పెరిగింది. కొంతమంది రైతులు నాలుగు డబ్బులు కళ్ళచూశారు. ఇది మేము కాదనము. కాని సంకర విత్తనానికి ఒక గుణం వుంది. దాని పంటలోంచి గింజ తీసి దాచుకుని మళ్ళీ వేస్తే మొదటి ఏడు పండినట్టు పండదు. ఏటా కొట్టుకు పోవలసిందే. అసలు కిటుకు అక్కడే వుంది. పైగా ఆ విత్తనం తయారు కావాలంటే ఒక్కో మొగ్గను చేత్తో వొలిచి, మరో పువ్వు పుప్పొడి అద్దాలి. ఈ పనికి పిల్లల చిన్న వేళ్ళు అనువని, వాళ్ళ కూలి చౌకని యజమానులు లెక్కవేశారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన చేలల్లో బడికి పోవలసిన ఆడపిల్లలు వేలాదిమంది ఎండలో ఆ పని చేశారు. సంచీ మీద అందమైన పత్తి బొమ్మ వుంటుంది. ఆ పిల్లల బొమ్మ వుండదు.

ఇక పురుగు సంగతి. పత్తి మీద మందు కొట్టినకొద్దీ పురుగు మొండికెత్తింది. 1980లలో తెల్లదోమ చేలను పీల్చేసింది, వెనకే పచ్చపురుగు వచ్చిపడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులు అప్పులు తీర్చలేక, పురుగు చావని మందు తామే తాగి చనిపోయారు. ఆ గండంలో ఎల్.కె. 861 వంటి తెల్లదోమను తట్టుకునే రకాన్ని ఇచ్చింది ఏ బహుళజాతి కంపెనీయో కాదు, గుంటూరు పక్కనున్న మన లాం ఫారం. ఈ మాట ఎవరూ మరిచిపోకూడదు.

2002లో బీటీ పత్తికి అనుమతి దొరికింది. 450 గ్రాముల సంచీ 1,600 రూపాయలు దాటి అమ్మారు. అందులో పెద్దపాలు విత్తనం ఖరీదు కాదు, మోన్‌శాంటో జన్యువుకు కట్టే రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నియంత్రణ కమిషన్ ముందు కేసు వేసి, సంచీ ధరను 750 రూపాయలకు దించవలసి వచ్చింది. కంపెనీ చెప్పిన ధర దేవుడు రాసింది కాదని అప్పుడే తేలిపోయింది. 2015లో గుజరాత్‌లో, 2017 నాటికి మన చేలల్లో గులాబిరంగు పురుగు రెండో తరం బీటీని కూడా లెక్కచెయ్యకుండా కాయల్లో దూరింది. ఇవాళ దేశంలో నూటికి 90 పాళ్ళకు పైగా పత్తిభూమి ఈ బీటీ సంకరాల కిందే వుంది. అంటే గుడ్లన్నీ ఒకే బుట్టలో, ఆ బుట్ట కంపెనీ చంకలో!

ద్రాక్షతీగ చెప్పే పాఠం

కొద్ది రకాలనే నమ్ముకుంటే ఏమవుతుందో పత్తిలోనే కాదు, ద్రాక్షలోనూ చూడవచ్చు. యూరప్‌లో ద్రాక్ష అంటే తినే పండు మాత్రమే కాదు, సారా తీసే పంట. 1860లలో అమెరికానుంచి తెచ్చిన తీగలతోపాటు ఫిలాక్సెరా అనే వేరుపేను ఫ్రాన్సులో దిగింది. కొన్ని దశాబ్దాల్లో యూరప్ తోటలను నేలమట్టం చేసింది. చివరకు ఆ పేనును తట్టుకునే అమెరికా తీగల వేళ్ళ మీద తమ తీగలను అంటుకట్టి బయటపడ్డారు. కాని తిరిగి నాటినప్పుడు వ్యాపారానికి అక్కరకొచ్చే రకాలే నాటారు. పల్లెకొకటిగా వున్న పాత రకాలు చాలావరకు మాయమయ్యాయి.

ఇప్పుడు ఎండలు ముదిరి, వానలు తప్పి, ఆ పాత రకాలే కావలసి వచ్చాయి. స్పెయిన్‌లోని కాటలోనియాలో టోరెస్ అనే సారా కంపెనీ 1980లలో ఒక పని మొదలుపెట్టింది. స్థానిక పత్రికల్లో ప్రకటనలు వేసింది. "మీ పొలాల్లో పేరు తెలియని పాత ద్రాక్షతీగ ఏదైనా వుంటే మాకు చెప్పండి" అని రైతులను అడిగింది. అలా 50కి పైగా పాత రకాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని వేడిని, నీటిఎద్దడిని బాగా తట్టుకుంటాయని పరీక్షల్లో తేలింది.

మన తెలుగునేల మీద ఇలాంటి కథ వుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు 'అనాబ్-ఎ-షాహి' ద్రాక్ష పేరుమోసింది. కోలగా, కండగా, తీపిగా వుండే తెల్లద్రాక్ష. గింజలేని థామ్సన్ రకం వచ్చాక బజారు దానివైపు తిరిగింది. నగరం పెరిగి తోటల నేల ప్లాట్లయింది. ఇప్పుడు అనాబ్-ఎ-షాహి పేరు ముసలివాళ్ళ నోట వినపడుతుందేగాని బండిమీద కనపడటం అరుదు.

ద్రాక్ష మన మెట్టపంట కాదు. పాఠం మాత్రం మనదే. ఒకటి: పాత రకం ఎక్కడుందో ముందు తెలిసేది పొలంలో వంగి పనిచేసేవాడికే, సారా కంపెనీ అయినా రైతునే అడగవలసి వచ్చింది. రెండు: వెదికించినవాడిదే గింజ అవుతుంది. కంపెనీ వెదికిస్తే అది కంపెనీ సీసాలోకి పోతుంది, ప్రజలు వెదికితే ప్రజల గాదెలో వుంటుంది. బంగ్లాదేశ్‌లో ఢాకా మస్లిన్‌కు మూలమైన 'ఫుటీ కర్పాస్' అనే దేశవాళీ పత్తి పోయిందనుకున్న చోట, ప్రభుత్వమే పూనుకుని వెదికించింది, వడికించింది, నేయించింది. 2020లో ఢాకా మస్లిన్‌కు భౌగోళిక గుర్తింపు దొరికింది. వాళ్ళు చేసిన పని మనం ఎందుకు చెయ్యలేము?

పింజ పొట్టిదా, మిల్లు చూపు పొట్టిదా?

దేశవాళీ పత్తిని తోసేయటానికి చెప్పిన సాకు పొట్టి పింజ. మామూలుగా దాని పింజ 15 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా వుంటుంది, నేటి సంకరాల పింజ 28 నుంచి 32 దాకా వస్తుంది. నిజమే. అయితే శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్ళు కొండపత్తి, పునాసపత్తి అనే దేశవాళీ రకాలను వాలుగ చేప దవడతో దువ్వి, రాట్నం మీద 100 నంబరు సన్ననూలు తీస్తున్నారు. మిల్లు పనికిరాదన్న పింజతో మనిషి చెయ్యి అంత సన్నని దారం తీసింది. కాబట్టి పింజలో లోపం లేదు. లోపం పొడుగు పింజ కోసమే కట్టిన యంత్రంలో వుంది. ఆ యంత్రానికి పంటనంతా లొంగదీసిన వ్యవస్థలో వుంది.

పోనీ, పొడుగు పింజే కావాలన్నా దారి మూసుకుపోలేదు. మరాఠ్వాడాలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏళ్ళతరబడి కష్టపడి 28 మిల్లీమీటర్ల పింజ వచ్చే దేశవాళీ రకాలు తీశారు. ఆసుపత్రుల్లో వాడే, తడి పీల్చే దూదికి మన పొట్టి మోటు పింజే అనువైనది. దేశవాళీ చెట్టు వేరు లోతుగా దిగుతుంది, బెట్టకు తట్టుకుంటుంది. పచ్చదోమ, తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగులను అమెరికా పత్తికంటే బాగా ఓర్చుకుంటుంది. వానాధారపు మెట్టకు ఇవి చిన్న గుణాలా? కాలవ కింద, బలంగా ఎరువు వేసిన భూమిలో సంకరాలంత దిగుబడి దేశవాళీ ఇవ్వదు. ఆ మాట దాచవలసిన పనిలేదు. లెక్క చూడవలసింది ఎన్ని క్వింటాళ్ళు పండిందని మాత్రమే కాదు, విత్తనానికి, మందుకు, వడ్డీకి పోగా ఎంత మిగిలిందని.

కూలి మాట మరిచిన 'దేశవాళీ' మనకొద్దు

ఇక కూలీల వైపునుంచి సూటిగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే పట్నాల్లో దేశవాళీ విత్తనాల గురించి సభలు పెట్టి మాట్లాడే పెద్దమనుషుల్లో చాలామందికి పత్తి తీసే ఆడకూలి నడుంనొప్పి తెలియదు.

దేశవాళీ కాయ చిన్నది. ఒక కాయలో రెండు మూడు గ్రాముల పత్తి వుంటుంది, సంకరం కాయలో నాలుగైదు గ్రాములుంటుంది. కిలో పత్తి తియ్యాలంటే సంకరంలో సుమారు 200 కాయలు చాలు, దేశవాళీలో 400 కాయలదాకా వొలవాలి. పైగా దేశవాళీ కాయ విచ్చగానే దూది నేలరాలుతుంది, వెంటవెంటనే తియ్యాలి. మన వూళ్ళల్లో పత్తితీతకు కూలి ఎట్లా కడుతున్నారు? కిలోకు ఇంత అని. ఆ లెక్కనే దేశవాళీ చేలోకి దిగితే రోజంతా వంగి తీసినా ఆడకూలి సంచి సగానికి పడుతుంది, కూలి కూడా సగానికి పడుతుంది. 'ప్రకృతి సేద్యం', 'స్వదేశీ' అని ఎన్ని బోర్డులు కట్టినా, ఆ చేలో దోపిడీ రెండింతలవుతుంది.

అందుకే మా మాట ఇది. దేశవాళీ పత్తి రావాలి, తీత మాత్రం రోజుకూలి లెక్కన జరగాలి. కిలో లెక్కే కట్టాలంటే కాయ సైజునుబట్టి కిలోకు రెట్టింపు కట్టాలి. ఎక్కువసార్లు తియ్యాలంటే ఎక్కువ పనిదినాలు వస్తాయి. న్యాయమైన కూలి వుంటే అది భారం కాదు, పని. కూలి లేకపోతే అది వెట్టి. మరో సంగతి కూడా వుంది. మందు పిచికారి చేసేది ఎవరు? ముక్కుకు గుడ్డయినా లేకుండా వీపున డబ్బా మోసేది కూలివాడే. మందు అవసరం తగ్గిన చేనువల్ల ముందు బాగుపడేది వాడి వూపిరితిత్తులే. దేశవాళీ గింజతో కూలీకి వున్న సంబంధం ఇది.

బట్ట సంగతీ అంతే. దేశవాళీ నూలు చీర పట్నంలో అద్దాల కొట్లో వేలు పలికి, నేసినవాడి కూలి పాతధరలోనే వుంటే, గింజ బతికినా మనిషి చచ్చినట్టే. గింజ ధర, తీత కూలి, నూలు కూలి, నేత కూలి నాలుగూ ఒకే లెక్కలో తేలాలి.

చట్టంలో మన చోటు

"భూమి లేనివాళ్ళం, గింజల గొడవ మాకెందుకు?" అని వ్యవసాయ కార్మికులు అడగవచ్చు. ఇక్కడే చాలామందికి తెలియని ఒక సంగతి వుంది. 2001లో పార్లమెంటు వృక్షజాతుల సంరక్షణ, రైతు హక్కుల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం రైతు అంటే సేద్యం చేసేవాడు మాత్రమే కాదు. సంప్రదాయ రకాలను ఒంటరిగానో, నలుగురితో కలిసో కాపాడి నిలబెట్టే మనిషి కూడా రైతే. పట్టా వుండాలనే షరతు అందులో లేదు. ఇంటి పెరట్లో పాతరకం పత్తిచెట్టు పెంచుకుని ఏటా గింజ దాచే కూలి ఆడమనిషి ఈ చట్టం కళ్ళకు రైతే!

అదే చట్టం 39వ సెక్షను రైతుకు విత్తనం దాచుకునే, వాడుకునే, మళ్ళీ వేసుకునే, మార్చుకునే, పంచుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. రైతు రకాన్ని రైతుల పేరనే నమోదు చేసుకోవచ్చు. అందుకు రైతులు ఫీజు కట్టనక్కరలేదు. అయితే కాగితం మీది హక్కు దానంతటది నడిచిరాదు. 2019లో పెప్సీకో కంపెనీ తాము నమోదు చేసుకున్న బంగాళదుంప రకాన్ని పండించారని గుజరాత్ రైతుల మీద కోటి రూపాయలకు పైగా దావాలు వేసింది. దేశమంతా రైతు సంఘాలు లేచి నిలబడితేనే ఆ కేసులు వెనక్కు తీసుకున్నది. చట్టం వుండగానే ఇంత జరిగింది. సంఘం లేకపోతే ఏం జరిగేది?

కౌలురైతు గతి మరీ అన్యాయం. మన రాష్ట్రంలో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టడు. కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు. అప్పు లేదు కాబట్టి విత్తనం షావుకారు కొట్లో అరువు. అరువిచ్చినవాడు అంటగట్టిన సంచీ తెచ్చుకోవలసిందే. మొలవకపోతే అడగటానికి చేతిలో చీటీ కూడా వుండదు. సొంత గింజ అవసరం అందరికంటే ఎక్కువ వున్నది కౌలురైతుకే.

ఏం చెయ్యాలి?

మొదటి పని వెదకటం. దీనికి ఏ గ్రాంటూ అక్కరలేదు. చేలగట్ల మీద, కంచెల్లో, పాడుబడిన దొడ్లలో, మాచర్ల వైపు తండాల్లో, చెంచు గూడేల్లో చూడాలి. దీపం వత్తులకని, జంధ్యాలకని ఇళ్ళ పెరళ్ళలో, గుళ్ళ ఆవరణల్లో పెంచే చెట్టుపత్తిని చూడాలి. అందులోనూ జాతులున్నాయి, ఏది దేశవాళీయో ఏది అమెరికాదో చూపుతో తేల్చటం కష్టం, పరీక్షలో తేలాలి. కనపడ్డ చెట్టు ఏ వూరిది, ఏ నేలది, దూది ఏ ఛాయ, ఆ ఇంటివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు అన్నవి చీటీ మీద రాసి గింజతోపాటు వుంచాలి. ఆలస్యం పనికిరాదు. ఉట్టిలోని పత్తిగింజ మూడు నాలుగేళ్ళు దాటితే మొలక మీద నమ్మకం వుండదు. ఆ గింజ పేరు తెలిసిన ముసలమ్మలు కూడా మనకోసం ఆగరు.

రెండో పని పెంచటం. ఇందాక చెప్పిన 26, 52 ఇక్కడ అక్కరకొస్తాయి. క్రోమోజోముల లెక్క వేరు కాబట్టి పక్క చేలోని బీటీ పుప్పొడి పడి దేశవాళీ గింజ పాడయ్యే భయం తక్కువ. కాని రెండు దేశవాళీ రకాలు పక్కపక్కన వుంటే తేనెటీగలు కలిపేస్తాయి. అందుకే విత్తనానికి వుంచే మొగ్గలు రేపు విచ్చుతాయనగా, సాయంత్రమే వాటి కొసలు దారంతో కట్టెయ్యాలి. చదువుకున్న కుర్రవాళ్ళు ఒక్కపూటలో నేర్చుకోగల పని ఇది.

మూడో పని ప్రభుత్వంచేత చేయించవలసింది. లాం, నంద్యాల పరిశోధన కేంద్రాలు ఈ గింజలను తీసుకుని పింజ పొడుగు, గింజకు దూది పాలు, బెట్టను ఓర్చే శక్తి పరీక్షించి ఫలితాలను తెలుగులో రైతులకు చెప్పాలి. నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ జన్యునిధిలో వేల పత్తి రకాలు భద్రంగా వున్నాయి. అక్కడ వున్న మన ప్రాంతపు రకాలను మన నేలకు తిరిగి ఇవ్వాలి. మద్దతుధర అనగానే మధ్యరకం పింజ, పొడుగు పింజ అంటారేగాని పొట్టి పింజను పట్టించుకునేవాడు లేడు. దానికీ గిట్టుబాటు ధర ప్రకటించి, కాటన్ కార్పొరేషన్ చేత కొనిపించాలి. చిన్న జిన్నింగు, వడుకు యంత్రాలు మహిళా సంఘాలకు, చేనేత సహకార సంఘాలకు ఇవ్వాలి.

నాలుగో పని కోటప్పకొండ దగ్గరే చెయ్యవచ్చు. శివరాత్రి తిరునాళ్ళకు లక్షలాది జనం వస్తారు. వూరూరినుంచి ప్రభలు కదులుతాయి. ఎవరి ప్రభ ఎత్తు అని పోటీపడే వూళ్ళు, ఎవరి దగ్గర ఎన్ని పాతరకాల గింజలు బతికున్నాయని కూడా పోటీపడాలి. రైతు, కౌలురైతు, వ్యవసాయ కార్మిక సంఘాలు కలిసి అక్కడ ఒక పందిరి వెయ్యాలి. గింజ తెచ్చినవాళ్ళ పేరు, వూరు రాసుకోవాలి, పిడికెడు తీసుకుని మరో రకం పిడికెడు ఇవ్వాలి. ఆ పందిట్లో గింజకు ధర వుండకూడదు. అక్కడ రాసిన పుస్తకమే రేపు మన రకాలను మన పేర నమోదు చేయించే సాక్ష్యమవుతుంది.

1922లో ఈ పల్నాటి జనమే అడవిలో గొడ్లు మేపినందుకు పుల్లరి కట్టమని తెల్లదొర ప్రభుత్వం అడిగితే, కట్టమని తెగేసి చెప్పారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తూటాలకు నేలకొరిగాడు. ఆనాటి పుల్లరి దేవుడిచ్చిన గడ్డి మీద వేసింది. ఈనాటి పుల్లరి మన తాతముత్తాతలు ఏరి, దాచి, మనకిచ్చిన గింజ మీద వేస్తున్నారు. దానికి రాయల్టీ అని ఇంగ్లీషు పేరు పెట్టినంత మాత్రాన అది పుల్లరి కాకుండా పోదు. దాన్ని కట్టకుండా వుండాలంటే ముందు మన గింజ మన చేతిలో వుండాలి. ఈ తొలకరి లోపు ప్రతి వూళ్ళో కనీసం ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు ఈ వెదుకులాటకు బయలుదేరాలని కోరుతున్నాము.